సవరణ: పొక్కుల జ్వరానికీ పిల్లల షుగర్‌కీ ముడిపెట్టాను

పోయిన వారం మా పర్లాకిమిడి వీధిలో పిల్లలకు నోట్లో, అరచేతుల్లో పొక్కులు లేస్తుంటే, "ఈ వైరస్ సోకిన పిల్లలకు తర్వాత టైప్ 1 షుగర్ వస్తుంది" అని పోస్టు పెట్టాను. అది తప్పు.

బరంపురంలో పిల్లల డాక్టరు ఒకరు విడమర్చి చెప్పారు. ఈ పొక్కులు ఎక్కువగా కాక్స్‌సాకీ అనే వైరస్‌లో ఎ రకం వల్ల వస్తాయి. షుగర్ విషయంలో పరిశోధకులు అనుమానిస్తున్నది ముఖ్యంగా బి రకాన్ని. నేను రెండూ కలిపేశాను. ఆ బి రకం మీద కూడా నేరం రుజువు కాలేదు. 2019లో వచ్చిన, పిల్లల్లో టైప్ 1 షుగర్‌కు కారణాలు వెతికే టెడ్డీ అధ్యయనంలో, జన్యుపరంగా ముప్పున్న పిల్లల మలంలో ఎంటెరోవైరస్ బి (కాక్స్‌సాకీ బి ఉండే గుంపు) చాలాకాలం కనిపిస్తే, ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడడం (టైప్ 1 షుగర్‌కు మొదటి మెట్టు ఇదే) ఎక్కువగా కనిపించింది. కొద్దిరోజుల్లో పోయే ఇన్‌ఫెక్షన్‌కు ఆ సంబంధం కనబడలేదు.

నా పోస్టు చూసి పక్కింటి మామ్మగారు మనవడికి బెల్లంముక్క కూడా పెట్టడం లేదట! టైప్ 1కి తీపి కారణం కాదు, పెట్టండి మామ్మగారూ.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి చిక్కిపోవడం కనిపిస్తే మాత్రం ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి. పాత పోస్టు తీసేశాను.