తెల్లగా ఉన్నదల్లా పిండినల్లి కాదండీ

జామ చెట్టుకు పట్టే పిండినల్లి మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆకుల మీద తెల్లగా ఏం కనిపించినా వెంటనే మందు కొట్టేయమని అందులో రాశారు. ఆ ఒక్క మాట దగ్గర కాస్త ఆగమని నా మనవి. మాది విశాఖలో సీతమ్మధార, మేడ మీద డ్రమ్ములో జామ చెట్టు ఉంది. కిందటి వేసవిలో చిగుళ్ల నిండా పిండినల్లి (రసం పీల్చే తెల్లటి చిన్న పురుగు) పట్టింది. వాటి మధ్య కొన్ని మాత్రం కొంచెం పెద్దవి, ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులతో గబగబా నడుస్తున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒకటి పిండినల్లి గుడ్ల సంచిలో తల దూర్చి తింటోంది! అది క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది, కాకపోతే చురుగ్గా తిరుగుతుంది. తెలియక మందు కొడితే ఇదీ పోతుంది, మళ్లీ పిండినల్లే ముందు పుంజుకుంటుంది.

ఆ వ్యాసంలో చీమల సంగతి అసలు రాయలేదు. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినే ఇలాంటి మిత్రపురుగుల్ని తరిమేస్తాయి. ఆ జిగురు మీదే నల్లటి మసి బూజు పడుతుంది. చీమలు ఎక్కకుండా నేను చెట్టు మొదలు చుట్టూ పాలిథీన్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు రాశాను, గోడకు తగిలే కొమ్మలు కత్తిరించాను. బాగా పట్టిన చిగుళ్లు తుంచి సబ్బు నీళ్లలో ముంచేశాను. అక్షింతల పురుగులు లేని కొమ్మలకు మాత్రమే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకుల అడుగున పిచికారీ చేశాను. సాయంత్రం పూటే కొట్టండి, ఎండలో కొడితే ఆకులు మాడిపోతాయి.