కోస్టారికా కథలో సగమే చెప్పారు

మధ్య అమెరికాలోని చిన్న దేశం కోస్టారికా 1948లో సైన్యాన్ని రద్దు చేసి హాయిగా ఉంది కదా, మిగతా దేశాలకు శాశ్వత సైన్యం ఎందుకు అని ఒక వ్యాసంలో అడిగారు. ఆ దేశమంటే నాకూ గౌరవమే, సైన్యం డబ్బు బడులకు మళ్లించడం చిన్న విషయం కాదు. కానీ 1955లో పొరుగు దేశం నికరాగువా వైపు నుంచి తిరుగుబాటుదారులు చొరబడినప్పుడు దాన్ని ఆదుకున్నది అమెరికా ఖండ దేశాల కూటమి, ఇంకా అమెరికా ఒక్కోటి ఒక్క డాలరుకు ఇచ్చిన నాలుగు యుద్ధ విమానాలు. అంటే సైన్యం అవసరం పోలేదండీ, వేరేవాళ్ల సైన్యం మీద ఆధారపడ్డారు. మనకు అలా ఎవరొస్తారు? 1962లో చైనాతో యుద్ధమప్పుడు సైన్యం ఉండి కూడా, చలికి సరైన బట్టలు, బూట్లు లేకుండా కుర్రాళ్లను హిమాలయాల మీదకు పంపి ఎంతమందిని పోగొట్టుకున్నాం! కొండల్లో పోరాటం అవసరమొచ్చిన రోజు నేర్చుకునే పని కాదు, ఆ పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడటానికే రోజులు పడుతుంది. అందుకే 2022లో తెచ్చిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం కూడా నాకు నచ్చలేదు. నాలుగేళ్లు నేర్పించి, నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపేస్తే ఆ అనుభవమంతా ఏమైపోవాలి?