ఇసుకను కాలువ మూతి దగ్గరే ఆపాలి, ఒండ్రును చెరువుకు వదలాలి

మొదటి వరదకు ఎర్రగా వచ్చే వాగు నీళ్లను సీసాలో పట్టి, గట్టిగా కుదిపి, కదలకుండా పెట్టి చూడండి. 0.1 మిల్లీమీటర్ల సన్న ఇసుక 10 సెంటీమీటర్లు దిగడానికి పన్నెండు, పదమూడు సెకన్లు చాలు. 2 మైక్రాన్ల (మిల్లీమీటరులో 500వ వంతు) బంకమట్టి రేణువుకు అదే దూరం 8 గంటల ప్రయాణం. వరంగల్, ములుగు గొలుసుకట్టు చెరువుల పూడిక కథంతా ఈ తేడాలోనే ఉంది.

వాగు మాత్రం సీసాలా నిలకడగా ఉండదు, సుడులు తిరుగుతుంది. సుడిలో చిక్కిన రేణువు క్షణక్షణం దారి మార్చుకుంటుంది. 2001లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ఉద్ధృతంగా గిలకొట్టిన నీటిలో సూక్ష్మరేణువులను గమనిస్తే, వాటి త్వరణం ఒక్కోసారి గురుత్వ త్వరణానికి 1,500 రెట్ల దాకా పోయింది. మన వాగుల్లో అంత ఉద్ధృతి ఉండదు, సూత్రం మాత్రం అదే. కిలోమీటరుకు మీటరు వాలు, మీటరు లోతు ఉన్న కాలువలో సుడులు పైకి తన్నే వేగం సెకనుకు 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల ఇసుక దిగే వేగం సుమారు 2 సెంటీమీటర్లే, అందుకే తేలుతూ వస్తుంది. మిల్లీమీటరు గరుకు ఇసుక అడుగున దొర్లుతుంది.

చెరువులో కలవగానే నీళ్లు పరుచుకుంటాయి, సుడులు చల్లబడతాయి. ఇసుక మూతి దగ్గరే కుప్ప పడుతుంది, శిఖం (చెరువులో నీళ్లు నిలిచే నేల) మెరక పడుతుంది. బంకమట్టి కట్ట దాకా వెళ్లి తూము చుట్టూ నిదానంగా పేరుకుంటుంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఒండ్రును పొలాలకు తోలడం మంచి పని. చెల్క (ఎర్ర ఇసుక) నేలకు తడి నిలిపేది ఆ బంకమట్టే. ఇసుక కలిసిన పూడిక తోలితే ట్రాక్టర్ కిరాయి దండగ. అందుకే పూడికతీత కన్నా ముందు చెరువు మూతికి ఎగువన ఇసుక గుంత కట్టాలి.

లెక్క కష్టం కాదు. 3 మీటర్ల వెడల్పు, మీటరు లోతు కాలువలో నీళ్లు సెకనుకు మీటరు వేగంతో వస్తుంటే, గుంతను 10 మీటర్లకు వెడల్పు చేయాలి. వేగం 0.3 మీటర్లకు పడిపోతుంది. 0.2 మిల్లీమీటర్ల ఇసుక మీటరు దిగడానికి 50 సెకన్లు, అంతలో నీళ్లు పోయేది 15 మీటర్లు. మిగిలిన సుడులు మళ్లీ లేపుతాయి కాబట్టి పొడవు 30 మీటర్లు పెట్టాలి. ఇదే లెక్కన బంకమట్టిని ఆపాలంటే 80 కిలోమీటర్లకు పైగా గుంత కావాలి, వరంగల్ నుంచి కరీంనగర్ దాటిపోయేంత! దాన్ని ఆపబోవడం వృథా.

తప్పు జరిగేది ఎక్కువగా గుంత మూతిలోనే. కాలువను ఒక్కసారిగా వెడల్పు చేస్తే నీళ్లు నడిమధ్యలోంచి ధారగా దూసుకుపోతాయి, మూలలు ఊరికే సుడి తిరుగుతాయి, 30 మీటర్ల గుంత 10 మీటర్ల పని కూడా చేయదు. గోడలను ఏటవాలుగా, నిదానంగా విప్పాలి. ఇసుక నిలవకు అడుగున మరో మీటరు లోతు వదలాలి. ఆ నిలవ నిండిపోయి, ఇసుక ఇంకా పైకి పేరుకుని పైనున్న మీటరు నీటి లోతు సగమైతే వేగం రెట్టింపవుతుంది, పడ్డ ఇసుక లేచి చెరువులోకే పోతుంది. నిలవ మట్టం దగ్గర గోడకు గుర్తురాయి పెట్టి, ఏటా మే నెలలోనే, ఆ రాయి ఇసుకలో మునగకముందే తవ్వి తీయాలి.