విచర్ 4కి ఇప్పుడే లక్షలు ఎందుకు పోయాలి?

విడవలూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి రొయ్యల పట్టుబడి డబ్బులు రాగానే నాన్నని అడిగి 5090 గ్రాఫిక్స్ కార్డు కొనేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఏందిరా సంగతి అంటే ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ల గ్రూపుల్లో నేను అప్పటికే చూసిందే. విచర్ 4 అనే వీడియో గేమ్ త్వరలో వచ్చేస్తోందట. ఆట బొమ్మల్ని తెర మీద గీసే ఎన్‌విడియా కార్డు, ఆర్‌టీఎక్స్ 5090, లేకపోతే ఆట తెరుచుకోదట. పీసీ వాళ్లకి ఏడాది ఆలస్యమట. ముందు ముందు ధరలు పెరుగుతాయట. ఆటని ఇప్పుడే బుక్ చేసుకుంటే సగం ధరేనట, కింద లింకు. ఏడాది తర్వాత వచ్చేదానికి ఇవాళే కార్డెందుకో రాసినవాడికే తెలియాలి.

ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. దీని మూలం ఎక్కడుందో ఊహించగలను. 2024 డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్ వేదిక మీద, విచర్ ఆటలు చేసే సీడీ ప్రాజెక్ట్ రెడ్ కంపెనీ మొదటి ట్రైలర్ చూపించింది. ఇంకా ప్రకటించని ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు మీద దాన్ని తయారు చేశామని కూడా చెప్పింది. నెల తిరిగేసరికి, 2025 జనవరిలో, 5090 ఉన్న 50 సిరీస్ కార్డులు బయటికొచ్చాయి. జనం రెండూ కలిపేసుకున్నారు. కానీ ఆ ట్రైలర్ ముందే కంప్యూటర్లో తయారు చేసి పెట్టుకున్న వీడియో. అందులో ఎవరూ ఆట ఆడట్లేదు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఫార్వర్డ్‌లో లేదు. 2025 జూన్‌లో ఎపిక్ కంపెనీ వేడుకలో, ఆటలు తయారు చేసే వాళ్ల సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5 మీద విచర్ 4 టెక్ డెమో చూపించారు. కథానాయిక సిరి గుర్రమెక్కి కొండదారిలో పోతుంది, కిక్కిరిసిన సంతలో నడుస్తుంది. అదంతా సోనీ వాళ్ల మామూలు పీఎస్5, అంటే ప్లేస్టేషన్ 5 ఆటపెట్టె మీద, వెలుగునీడల్ని నిజంలా చూపించే రే ట్రేసింగ్‌తో, సెకనుకి 60 ఫ్రేములతో నడిచింది. పీఎస్5 అంటే 2020 నవంబర్ నాటి మెషిన్. అది డెమోనే, పూర్తి ఆట కాదు, ఒప్పుకుంటా. అయినా ఐదేళ్ల నాటి పెట్టె మీద అంత పని చేయించాలని చూస్తున్నవాళ్లు 5090 లేనివాళ్లని గడప బయటే నిలబెడతారా?

ఈ కంపెనీ పాత లెక్కలు చూసినా అంతే. 2015లో విచర్ 3కి అడిగిన కనీస కార్డు జీటీఎక్స్ 660, అంటే 2012 నాటిది. 2020లో వీళ్లదే ఇంకో ఆట సైబర్‌పంక్ 2077కి మొదట అడిగింది జీటీఎక్స్ 780, అది 2013 నాటిది. కనీసం అంటే సెట్టింగులన్నీ తగ్గించుకుని ఆడడమే అనుకోండి. అన్నట్టు, 5090 ఒక్కటే 575 వాట్లు లాగుతుంది. ముప్పావు హార్స్‌పవర్ మోటారుతో సమానం. గుంట దగ్గర ఏరియేటర్ల బిల్లుకే బాబాయి తల పట్టుకుంటుంటే, బెడ్‌రూమ్‌లో ఇంకొకటా!

త్వరలో వస్తోందన్నది కూడా తప్పే. 2026 ముగిసేలోపు రాదని కంపెనీయే ఇన్వెస్టర్లకి చెప్పింది. సైబర్‌పంక్‌కి ఏం కార్డు కావాలో 2020 సెప్టెంబర్‌లో చెప్పారు, ఆట డిసెంబర్‌లో వచ్చింది. అలాంటి జాబితా రాకముందే షాపుకెళ్లడం పెళ్లికూతురిని చూడకముందే మండపానికి అడ్వాన్స్ ఇచ్చినట్టే.

పీసీకి ఏడాది ఆలస్యమనేది సోనీ ఆటల అలవాటుని వీళ్లకి అంటగట్టడం. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ ప్లేస్టేషన్‌లో 2022 నవంబర్‌లో వస్తే, పీసీకి 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. విచర్ కథ వేరు. 2007లో మొదటిది పీసీకే వచ్చింది. 2011లో రెండోది ముందు పీసీకి వచ్చి, మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆటపెట్టె ఎక్స్‌బాక్స్‌కి పోయింది. మూడోది పీసీకి, పీఎస్4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి ఒకే రోజు.

ఇక లింకు. విడుదల తేదీయే లేని ఆటకి బుకింగ్ ఎక్కడిది? నొక్కొద్దు, అంతే. నిజంగా బుకింగ్ తెరిచినా నేనైతే ఆగుతా. సైబర్‌పంక్ పీఎస్4లో ఎంత అధ్వానంగా వచ్చిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. పీసీ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోనైతే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు.

ఒక మాట మాత్రం వాళ్లది కొట్టిపారేయలేను. ధరలు పెరుగుతాయన్నారు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) రేట్లు నిజంగానే భగ్గుమన్నాయి. అందుకే మావాడికి చెప్పా, ఇప్పుడే ఏదైనా కొనాలనుంటే, పాత హార్డ్‌డిస్క్ మీదే బండి లాగుతున్నావు కదా, ముందు దానికంటే వేగంగా పనిచేసే ఒక ఎస్‌ఎస్‌డీ వేయించుకో, కార్డు జోలికి పోవద్దని. కొత్త కథ సిరిది, కొత్త మూడు భాగాల్లో ఇది మొదటిది. ఈలోగా తన దగ్గరున్న పాత 1650 కార్డు మీదే విచర్ 3 ఆడమన్నా.

పది రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు: "అన్నా, కథ అంగుళం కదల్లేదు. ఆటలోని సత్రంలో కూర్చుని గ్వెంట్ పేకాట ఆడతా ఉన్నా."