పొలం గట్టు మీది మూడు కప్పలు

మిరుగు పడి మొదటి గట్టి వాన కొట్టిందంటే మా దిక్కు, అంటే వరంగల్ దాటి నర్సంపేట రోడ్డు పట్టుకుంటే వచ్చే ఊర్లల్ల, రాత్రి నిద్ర పట్టదు, చెరువు కింది మళ్లల్ల కప్పలది ఒక్కటే లొల్లి. మొన్న టార్చ్ పట్టుకుని గట్టు మీద నిలబడి చూస్తే మూడు రకాలు కనబడ్డయి. పచ్చగా పసుపు రాసుకున్నట్టు మారి గొంతు పక్కల నీలం బుగ్గలు ఉబ్బిస్తున్న బోదురు కప్ప, మోటరు డబ్బా కింద కూసున్న గరుకు తోలు కప్ప, నారు మొదట్ల గోరంత కప్ప. ఈ చివరిదాని గొంతు దువ్వెన పళ్ల మీద గోరుతో గీకినట్టు ఉంటది, సైజుకు గొంతుకు సంబంధమే లేదు.

ఏముంది, కప్పలే గదా అనిపిస్తది. గని 2017ల చైనా, అమెరికా సైంటిస్టులు 156 జాతుల కప్పలల్ల 95 జీన్లు పోల్చి ఒక వంశవృక్షం గీసిండ్రు. దాని లెక్కన ఇయ్యాల బతికున్న కప్ప జాతులల్ల దాదాపు 88 శాతం మూడే మూడు పెద్ద వంశాల నుంచి వచ్చినయి, ఆ మూడు కూడా 6.6 కోట్ల ఏండ్ల కింద డైనోసార్లను తుడిచిపెట్టిన ప్రళయం అయిపోయినంకనే ఒక్కసారిగా కొమ్మలేసినయి. మా గట్టు మీద చూసిన మూడు కప్పలు ఆ మూడు వంశాలకు తలా ఒకటి.

ఉష్ణమండలంల ఇన్ని జాతులు ఎందుకు అంటే మనకు తెల్సిన జవాబు ఒకటే: వేడి, వాన బాగుంటయి, మంచు యుగాల దెబ్బ పెద్దగ తగలలే, అందుకే పాతవన్నీ గాదెల వడ్లు పోసినట్టు భద్రంగ ఉన్నయి అని. నా లెక్కల అది సగం నిజమే. మడగాస్కర్‌ల శిలాజంగ దొరికిన కప్పల పాత చుట్టం ట్రయాడోబాట్రాకస్‌ది 25 కోట్ల ఏండ్ల వయసు, దానికి ఇంకా చిన్న తోక ఉండె, దుంకుడు సరిగ్గ రాదు. అమెరికాల అరిజోనా కాడ దొరికిన ప్రోసాలిరస్ అనే పాత కప్ప 19 కోట్ల ఏండ్ల నాటిది, అప్పటికే దుంకే కాళ్లు, నడుము రెడీ. అంటే బండి తయారయి 12 కోట్ల ఏండ్లు అయినంక గని రోడ్డు మీద ఇంత ట్రాఫిక్ కాలేదన్నట్టు. ఆ ప్రళయంల పాత అడవులు పోయి కొత్తగ పూల చెట్ల అడవులు లేసినయి, జాగ ఖాళీ దొరికింది, కప్పలు చెట్లెక్కుడు షురూ చేసినయి. గాదె కాదు, కాలిపోయినంక మళ్ల మొలిచిన చేను అనాలె.

అయితే జీన్లు చుట్టరికం చెప్తయి గని తారీఖు చెప్పాలంటే శిలాజం కావాలె. ఇక్కడ్నే తిప్పలు. వాన అడవి మట్టి పులుపుకు సన్న ఎముక కరిగిపోతది, అందుకే కప్పలు ఎక్కువున్న కాడ్నే పాత కప్పలు తక్కువ దొరుకుతయి. 2018ల మయన్మార్ ఆంబర్‌ల 9.9 కోట్ల ఏండ్ల నాటి ఎలెక్ట్రోరానా గురించి చెప్పంగనే అంత సంబురం అయింది అందుకే, చెట్టు బంకల ఇరుక్కున్న అంగుళం లేని కప్ప.

మన రాష్ట్రంల పాత కప్పల ఎముకలు దొరికే జాగ ఒకటి ఉన్నది, వికారాబాద్ దిక్కు నాస్కల్. దక్కన్ లావా ఒక పొర పారి చల్లారినంక, ఇంకో పొర పారేలోపు ఆడ నీళ్ల మడుగులు ఏర్పడ్డయి, వాటి అడుగు మట్టిల కప్పలు మిగిలినయి. ఆ మట్టిని తెచ్చి నీళ్లల్ల నానబెట్టి, సన్న జల్లెడల్ల కడిగి, మిగిలిన రవ్వను మైక్రోస్కోప్ కింద గింజ గింజ ఏరుతరు. దొరికేది కప్ప కాదు, విడి ఎముకలు, అందుల కొన్ని మిల్లీమీటర్ల తుంటి ఎముకే ఎక్కువ పనికొస్తది, ఎందుకంటే కప్ప ఏ తీరుదో ఎక్కువ చెప్పేది అదే. 1991ల శిలాజాల సైంటిస్టులు జీవీఆర్ ప్రసాద్, జాన్ క్లోద్ రేజ్ ఇద్దరు కలిసి ఈడ డిస్కోగ్లాసిడ్ కప్ప ఉందని రాసిండ్రు. ఆ కుటుంబం చుట్టాలు యూరప్ దిక్కు, ఇండియా ఏమో ఆ లావా పారిన కాలంల సముద్రంల తేలుతున్న దీవి, మరి ఎట్లొచ్చింది? చిటికెడు ఎముక మీద ఖండాల లెక్క నిలబెట్టుడు నాకు కొంచెం భయమే అనిపిస్తది, గని ప్రశ్న మాత్రం అసలైంది. అనంతగిరికి వీకెండ్ పోయొచ్చేటోళ్లల్ల నాస్కల్ పేరు విన్నోళ్లను నేను ఇంతవరకు చూడలే, హైదరాబాద్‌ల బిర్లా సైన్స్ మ్యూజియంల కోటాసారస్ డైనోసార్ ఎముకల గూడు ముంగట మాత్రం అందరు ఫోటో దిగుతరు.

ఈ సంగతులు చెప్తే ఒక దోస్తు అన్నడు, "ఆస్టరాయిడ్‌నే తట్టుకున్నయి, మనమెంత?" అని. తట్టుకున్నది కొన్నే, మళ్ల చేను నిండడానికి లక్షల ఏండ్లు పట్టింది. మన ఉమ్మడి ఆదిలాబాద్ మలేరి రాళ్లల్ల దొరికిన పాంథాసారస్ 20 కోట్ల ఏండ్లకు ముందటి ఉభయచరం, చదును తల, మనిషంత పొడవు, ఆ కాలం నీళ్లల్ల దానిదే రాజ్యం. దాని వంశంల ఒక్కటి మిగలలే. 2023 లెక్కల ఉభయచరాల జాతులల్ల 41 శాతం అంతరించే ప్రమాదంల ఉన్నయి.

పోయిన ఏడు మా పక్క మడిల గుళికలు చల్లిన తెల్లారి తోకకప్పలు తెల్ల పొట్ట పైకి పెట్టి గట్టుకు కొట్టుకొచ్చినయి. బోదురు కప్ప, గరుకు కప్ప వారంల మళ్ల వచ్చినయి. దువ్వెన గొంతుది మాత్రం ఆ సీజన్ అంతా ఆ మడిల వినబడలే.