తేదీ మారకపోతే మందు అక్కర్లేదా?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే పెద్దలకు సలహాలంటూ ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. గుంటూరు నుంచి బాబాయి పంపారు, పటమటలోని మా అపార్ట్‌మెంటు గ్రూపులో మళ్ళీ మళ్ళీ వచ్చి పడుతోంది. ఇక జవాబు రాయక తప్పడం లేదు.

భూమి తిరుగుతుంది కాబట్టి పడమరకు వెళ్ళే విమానం త్వరగా చేరుతుందట. భూమితోపాటు గాలి కూడా తిరుగుతుంది. దీనికి ఇంతకు మించి జవాబు అనవసరం.

టికెట్టు ధర పెంచడానికే విమానాన్ని ఉత్తరంగా వంకర తిప్పుతారట. గోడ మీది పటం వదిలేసి, గ్లోబు మీద ఆ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి. ఆ దారం సైబీరియా, ఆర్కిటిక్‌ల మీదుగానే పోతుంది. అదే దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. తెలిసి తెలిసి దూరపు దారి పట్టడమూ ఉంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అప్పటిదాకా నడిపిన అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. దాదాపు 13,900 కిలోమీటర్లకు బదులు 15,300 కిలోమీటర్లు ఎగిరినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. వెనుక నుంచి తోసే గాలి దొరికింది మరి.

ఇంతవరకు ఉన్నవి అమాయకపు తప్పులు. నాకు ఒళ్ళు మండించింది చివరి సలహా: "బయలుదేరిన తేదీనే దిగుతారు కాబట్టి ఒక్క పూట మందులు చాలు. మిగతావి పెద్ద పెట్టెలో వేయండి. నీళ్ళు తాగకుండా నిద్రమాత్ర వేసుకుని పడుకోండి."

ఒంట్లోని చక్కెరకు క్యాలెండరు తెలుసా? చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం ఢిల్లీ కంటే పదమూడున్నర గంటలు వెనుక. అంటే ఆ తేదీ మీకు ముప్పై ఏడున్నర గంటలు సాగుతుంది. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ముందే డాక్టరును అడగాలి. పెద్ద పెట్టెతోపాటు విమానం సామాను గదిలో పెట్టిన ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటేనే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నిద్రమాత్ర వేసుకున్న మనిషి లేచి నడుస్తాడా? ఎవరి అమ్మ ప్రాణం మీదికి తేవడానికి ఈ సలహా?

పైగా ఆ సందేశంలో రాసిన పదహారు గంటల ప్రయాణం ఢిల్లీ నుంచి మాత్రమే. గుంటూరు నుంచి శంషాబాద్‌కు కారులోనే ఐదారు గంటలు. అక్కడి నుంచి ఢిల్లీకి మరో విమానం, మధ్యలో నిరీక్షణ. ఆకాశంలోనూ గ్యారంటీ లేదు. 2023 జూన్‌లో ఇదే ప్రయాణంలో ఉన్న విమానం ఇంజిన్ లోపంతో రష్యాలోని మగదాన్‌లో దిగింది. మరో విమానం వచ్చేదాకా ప్రయాణికులు అక్కడే ఉండిపోయారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి. ఒక్క పూట మందుతో వెళ్ళినవారు అప్పుడేం చేయాలి?

బాబాయ్, మీరూ పిన్నీ బయలుదేరే ముందు టికెట్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కొన్ని రోజులకు సరిపడా మందులు, మందుల చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. ఆ సందేశం ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ ఇది కూడా పంపండి.