బాగున్న మీటరు పీకేసి పందొమ్మిది వేలు తీసుకున్నారు

పొద్దున ఎనిమిదింపావుకి ఫోను. నేనింకా కాఫీ గ్లాసు చేతిలోకి కూడా తీసుకోలేదు. "సార్, ఆ ఆరువేలు లేబరు ఉండిపోయింది కదా, ఇవాళ ఫోన్‌పే కొడతారా?" అని కారు రిపేరు షెడ్డు ఓనరు. గొంతులో కాస్తయినా మొహమాటం లేదు. "దేనికండీ ఆరువేలు?" అన్నాను. "అదేంటి సార్, రెండు నెలలు మీ బండి మీదే ఉన్నాం కదా" అన్నాడు. ఫోను పెట్టేశాను. అప్పట్నుంచి ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నా. పెద్ద పోస్టే అవుతుంది.

నా బండి సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. శాన్ స్టార్మ్, 2001 మోడల్. రెండు తలుపుల చిన్న స్పోర్ట్స్ కారు, మన దేశంలోనే తయారైంది. ఫైబర్ బాడీ, లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజిన్. బయటి దేశాల్లో క్లియోకీ ట్వింగోకీ వాడిన ఇంజినే అది. అరవై హార్స్‌పవరే. ఇవాళ మామూలు చిన్న కారుకి కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది. అయినా నేలకి అంత దగ్గరగా కూర్చుని ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే వెళ్తుంటే ఉండే సంతోషం వేరు. 2009లో నా సొంత జీతం డబ్బుతో కొన్నాను. దాన్ని అమ్మేయమని మా బావగారు ఇప్పటికి వందసార్లు చెప్పుంటారు. 20 ఏళ్లు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025లో పదివేలు చేసినప్పుడు కూడా ఆయనే ముందు ఫోన్ చేశారు, "ఇప్పటికైనా వదిలించుకోవయ్యా" అని. వదిలించుకోను. ఆ పదివేలైనా కడతా గానీ, లేని రోగానికి మందు వేసి డబ్బు అడిగితే మాత్రం కట్టను.

అసలు జబ్బు ఇదీ. టెంపరేచర్ ముల్లు పగలు మధ్యలో నిలబడేది. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే మెల్లగా ఎరుపు దాకా పాకేది. లైట్లు ఆర్పితే దిగేది. పెట్రోలు ముల్లూ అంతే, పగలు పావు ట్యాంకు చూపించింది రాత్రి సగానికి దగ్గరగా చూపించేది. మీరే చెప్పండి, లైటు వేస్తే ట్యాంకులో పెట్రోలు పెరుగుతుందా? ఈ ఒక్క ముక్క నేను ఆ షెడ్డులో కనీసం నాలుగుసార్లు చెప్పాను. వాళ్ల ముందే స్విచ్ వేసి, ఆపి, మళ్లీ వేసి చూపించాను. ఓనరు ఫోను చూసుకుంటూ "ఊ ఊ, హీటింగ్ ప్రాబ్లమ్ సార్" అన్నాడు.

హీటింగ్ అని ఎలా తెలిసింది? ఇంజిన్ నిజంగా వేడెక్కిందో లేదో చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు. రేడియేటర్ హోసు పట్టుకుంటే తెలుస్తుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే అంకె చెప్తుంది, కోవిడ్ టైములో ప్రతి షాపు గుమ్మం దగ్గరా నుదుటికి పెట్టారే, అలాంటిదే. ఒక్కటీ చెయ్యలేదు. "మన బెజవాడ ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, పీకేద్దాం" అన్నాడు. పీకేశాడు. కూలెంటుతో కలిపి 2,600. థర్మోస్టాట్ ఉన్నదే ఇంజిన్‌ని సరైన వేడి దగ్గర నిలబెట్టడానికి. అది తీసేస్తే పొద్దున్నే ఇంజిన్ వేడెక్కడానికి యుగం పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఈ మాట మన ఊళ్లో ఎంతమంది మెకానిక్కులకి చెప్పానో లెక్కలేదు, ఒక్కరూ వినరు. సరే, అది పక్కన పెట్టండి.

లైట్లు వేస్తే ముల్లు మళ్లీ పైకే. ఈసారి "సెన్సారు పోయింది సార్". ఆ టెంపరేచర్ సెన్సారు చేసే పని చాలా చిన్నది. నీళ్లు వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, తగ్గేకొద్దీ ముల్లు పైకి పోతుంది. అది మంచిదో కాదో తెలియాలంటే వైరు ఊడదీసి మల్టీమీటరు (వోల్టులూ రెసిస్టెన్సూ కొలిచే పరికరం) పెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి కొలిస్తే చాలు. ఆ షెడ్డులో మల్టీమీటరు గోడకి వేలాడుతూనే ఉంది, దాని మీద దుమ్ము కూడా నేను చూశాను. చెయ్యి పెట్టలేదు. కొత్త సెన్సారు 3,400.

తర్వాత పెట్రోలు ముల్లు మీద పడ్డారు. "ఈ20 పెట్రోలు సార్, లోపల ఫ్లోట్ తినేసుంటుంది" అన్నాడు. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, దాని మీద నాకూ కోపం ఉంది. పాత బండ్లలో రబ్బరు హోసులు, సీళ్లు దానికోసం చేసినవి కావు, మాలాంటివాళ్లకి బంకులో వేరే దారీ లేకుండా చేశారు. అది నిజం. కానీ ఇప్పుడు ఏ బండికి ఏం వచ్చినా "ఈ20 వల్ల" అనేసి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది అందరికీ. పెట్రోల్లో ఇథనాల్ ఉంటే హెడ్‌లైట్ వేసినప్పుడే ముల్లు లేస్తుందా? ట్యాంకు దించి, లోపల పెట్రోలు మట్టం కొలిచే ఫ్లోట్ యూనిట్ మార్చారు. 7,500.

ఆ వారంలోనే జరిగింది, దీన్ని మాత్రం నేను క్షమించలేను. గుంటూరులో మా పిన్ని వాళ్లింటి నుంచి వస్తున్నాం. నేనూ, మా పాప. దానికి పదకొండేళ్లు. రాత్రి తొమ్మిదిన్నర. ముల్లు సగానికి కాస్త కిందే ఉంది. కొత్త యూనిట్ వేశారు కదా అని నమ్మాను. కాజా టోలు దాటాం, మంగళగిరి దాటాం, సరిగ్గా వారధి మీద బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ట్యాంకు ఎండిపోయింది. ముల్లు ఇంకా అక్కడే ఉంది. పక్కనుంచి లారీలు పోతుంటే ఫైబర్ బాడీ మొత్తం వణుకుతోంది. నా బండి ఎత్తు లారీ చక్రమంత. పాపని దింపి రెయిలింగ్ వైపు నిలబెట్టి, నేను వెనక నిలబడి ఫోను లైటు ఊపుతూ నలభై నిమిషాలు. ఒక ఆటో అతను ఆగి, తాడేపల్లి వైపు వెళ్లి, బంకులో బతిమాలి రెండు లీటర్లు సీసాలో పోయించుకొచ్చాడు. డబ్బు ఇవ్వబోతే పెట్రోలు ఖర్చు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. పాప ఇంటికొచ్చాక కూడా నా చొక్కా వదల్లేదు.

మర్నాడు షెడ్డుకెళ్లి అరిచాను. అరిస్తే వచ్చిన జవాబు, "అయితే మీటరే పోయింది సార్, మొత్తం క్లస్టర్ మార్చాలి." క్లస్టర్ అంటే డాష్‌బోర్డులో ముళ్లన్నీ ఉండే మీటర్ల సెట్టు. ఎక్కడో స్క్రాప్ చేసిన బండిలోంచి తెప్పించారట, 19,000. వేశారు. లైట్లు వేశాను. ముల్లు లేచింది.

అప్పుడు మా ఆఫీసు డ్రైవరు చెప్తే ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో, రేకుల కింద ఒక చెక్క బల్ల, అంతే ఆయన షాపు. లారీల వైరింగే ఆయన పని. స్పోర్ట్స్ కారు అనగానే భయపడతాడేమో అనుకున్నా. ఆయన ముందు అడిగిన మాట, "ఎప్పుడొస్తుంది బాబూ, లైట్లు వేసినప్పుడా?" నాకు అక్కడే కళ్లమ్మట నీళ్లొచ్చినంత పనైంది. రెండు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

"బాడీ ఏంటిది, ఇనుమా?" అని వేలి మెటికతో తట్టి చూశాడు. ఫైబర్ అని తెలియగానే తల ఊపాడు. ఇనుప బాడీ బండికి బాడీయే ఎర్తు, ఎక్కడ బోల్టు వేసినా కరెంటు తిరిగి బ్యాటరీకి పోతుంది. ఫైబర్‌లో కరెంటు పోదు. మీటర్లకీ లైట్లకీ అన్నిటికీ ఎర్తు వైరు లాగి చాసిస్ దాకా, అంటే కింది ఇనుప చట్రం దాకా తీసుకెళ్లాల్సిందే. ఆయన మల్టీమీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కాలు మీటరు వెనకున్న ఎర్తుకి పెట్టి నన్ను లైట్లు వేయమన్నాడు. 1.4 వోల్టులు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాడు. డాష్‌బోర్డు వెనక నుంచి కిందికి దిగి, చాసిస్‌కి బిగించిన బోల్టు దగ్గర ఆగాడు. వైరు చివరన బోల్టుకి తగిలించే రాగి లగ్గు మొత్తం పచ్చగా చిలుము పట్టి, కింద చాసిస్ తుప్పు పొరలు పొరలుగా ఉంది. లైట్ల కరెంటూ మీటర్ల కరెంటూ ఆ ఒక్క బోల్టు గుండానే పోవాలి. దారి సరిగ్గా లేకపోయేసరికి లైట్లు వేసినప్పుడల్లా ముళ్లు తప్పు చూపిస్తున్నాయి. ఎమ్రీ పేపరుతో చాసిస్ మెరిసేదాకా రుద్దాడు, కొత్త లగ్గు వేశాడు, బిగించి పైన గ్రీజు పూశాడు. లైట్లు వేశాను. ముల్లు కదల్లేదు. మళ్లీ మళ్లీ వేశాను. కదల్లేదు. మొత్తం నలభై నిమిషాలు, ఆరొందలు. నేను వెయ్యి ఇస్తే నాలుగొందలు తిరిగి నా జేబులో పెట్టాడు.

ఇప్పుడు లెక్క చూడండి. 2,600, 3,400, 7,500, 19,000. ముప్ఫై రెండున్నర వేలు, పైన ఆరువేలు లేబరు. అందులో ఒక్క పార్టు కూడా చెడిపోయింది కాదు. సెన్సారు మంచిదే, యూనిట్ మంచిదే, మీటరు మంచిదే. వాళ్లు రిపేరు చెయ్యలేదు, ఊహించారు. ఆ ప్రతి ఊహకీ నాతో డబ్బు కట్టించుకున్నారు. వెతికినందుకు డబ్బు అడగండి, సంతోషంగా ఇస్తా. "సార్, రెండు గంటలు మల్టీమీటరు పెట్టి వెతుకుతా, దొరికినా దొరక్కపోయినా వెయ్యి రూపాయలు" అంటే నేను దణ్ణం పెట్టి ఇస్తాను. అది మాత్రం అడగరు. చెకింగ్ ఫ్రీ అంటారు. ఫ్రీ కాబట్టి చెకింగే చెయ్యరు.

అసలు నా కడుపు మండుతున్నది డబ్బుకి కూడా కాదు. పాత మీటరు ఎక్కడ అని అడిగాను నిన్న. "పాత సామాన్లన్నీ పాత ఇనుముకి వేసేశాం సార్." నన్ను అడగకుండానే! అది నా మీటరు. దాని మీద 58,412 కిలోమీటర్లు ఉంది. అందులో నా పెళ్లికి ముందు హైదరాబాద్ వెళ్లొచ్చిన రోజులున్నాయి, పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజుంది. ఇప్పుడు నా బండి 1,43,000 చూపిస్తోంది, ఎవరిదో బండి తిరిగిన లెక్క.

మా నాన్న సంగతి గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన బజాజ్ చేతక్ ఆయనది. 1993లో గవర్నర్‌పేటలో ఒక షెడ్డులో సర్వీసుకి ఇచ్చారు. సాయంత్రం తెచ్చుకున్నాక ఇరవై కిక్కులు కొడితే గానీ స్టార్టయ్యేది కాదు. కార్బురేటరు మార్చేశారని ఆయనకి తెలుసు, నిరూపించలేకపోయారు. అప్పట్నుంచి ఏ షెడ్డుకెళ్లినా స్టూలు లాక్కుని బండి పక్కనే సాయంత్రం దాకా కూర్చునేవారు, తీసిన ప్రతి నట్టూ తన జేబురుమాల్లో వేయించుకునేవారు. నేను పక్కన నిలబడి సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. "ఎందుకు నాన్నా, అందర్నీ దొంగల్లా చూస్తారు" అని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. ఆయన పోయి ఆరేళ్లు. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనుంది నాకు.

1915కి ఫోన్ చేశాను, కన్స్యూమర్ హెల్ప్‌లైన్. కంప్లైంట్ నమోదు చేసుకున్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. నా దగ్గర వాళ్లు రాసిచ్చిన చీటీలున్నాయి, ఆ పచ్చబడ్డ లగ్గు ఉంది, 1.4 వోల్టుల ఫొటో ఉంది.

షెడ్డు ఓనరు గారూ, మీరు ఈ పోస్టు చూస్తారని తెలుసు, మీ అబ్బాయి నన్ను ఫాలో అవుతున్నాడు. ఆ పాత ఇనుము కొట్టుకి వెళ్లండి. వెతకండి. 58,412 ఉన్న నా మీటరు తెచ్చి నా చేతిలో పెట్టండి. ఆరువేల మాట ఆ తర్వాత.